ఎండ, ద్రాక్ష, ఎర్ర వైను

ఫాల్గుణ మాసము వచ్చునప్పటికి హైదరాబాదు వీధులలో తోపుడుబండ్లమీద ద్రాక్షగుత్తులను రాసులుగా పోసి అమ్ముచుందురు. ఒకే బండిమీద కొన్న రెండు గుత్తులలో ఒకటి తేనెవలె తియ్యగాను, రెండవది చింతకాయవలె పుల్లగాను ఉండుట అందరికిని అనుభవమే. పులుపు తగ్గి తీపి హెచ్చుటయే పండుట అని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట తప్పు కాదు. కాని, కాయలో ఉన్న పులుపు ఎక్కడికి పోయినది? తీపి ఎక్కడినుండి వచ్చినది? ఈ రెండు మార్పులు ఒకే వేగముతో జరుగునా? ఎండ హెచ్చినచో వీనిలో ఏది ముందుకు పరుగెత్తును?

తినుటకు పండించు ద్రాక్ష విషయమున ఇవి రుచికి సంబంధించిన ప్రశ్నలు మాత్రమే. ద్రాక్షరసమును పులియబెట్టి ఎర్ర వైను తయారుచేయువారికి ఇవియే జీవనాధారమైన ప్రశ్నలు. వేడి ప్రాంతములలో తీపి మితిమీరి వచ్చును, పులుపు ముందుగానే పోవును, రంగు వెనుకబడును. పులుపు చాలని రసము పీపాలలోనే చెడిపోవును. ఈ చిక్కు ఎట్లు ఏర్పడుచున్నదో, దానిని శాస్త్రజ్ఞులు ఎట్లు విడదీసిరో తెలిసికొనుటకు దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయ చక్కని ఉదాహరణము.

బరోసా లోయ

అడిలైడు నగరమునకు ఈశాన్యముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున ఈ లోయ కలదు. 1842లో సైలీషియా ప్రాంతమునుండి వలసవచ్చిన జర్మను కుటుంబములవారు ఇచ్చట బెథనీ అను గ్రామమును స్థాపించిరి. మత స్వాతంత్ర్యమును కోరి దేశము విడిచి వచ్చిన ఆ రైతులు తమవెంట ద్రాక్ష సాగునందలి అలవాటును కూడ తెచ్చుకొనిరి. అంతకు పది సంవత్సరములకు ముందే, 1832లో, జేమ్సు బస్బీ అను నతడు ఐరోపానుండి వందలకొలది రకముల ద్రాక్షకొమ్మలను ఆస్ట్రేలియాకు చేర్చియుండెను. ఫ్రాన్సుదేశమందలి రోన్ నదీలోయకు చెందిన సిరా అను నల్లద్రాక్ష ఆ క్రొత్త ఖండములో షిరాజ్ అను పేరుతో స్థిరపడినది. నేడు బరోసాకు పేరు తెచ్చిన రకము ఇదియే.

ఈ లోయలో వానలు ముఖ్యముగా శీతకాలమున కురియును. సంవత్సరపు వర్షపాతము సుమారు 500 మిల్లీమీటర్లు. వేసవి పొడిగాను, వేడిగాను ఉండును. కొన్ని దినములలో ఉష్ణోగ్రత 40 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. దక్షిణార్ధగోళము కనుక కాపు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిలు నెలలలో కోతకు వచ్చును. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఫిలోక్సెరా అను వేరుపురుగు ఐరోపాలోని ద్రాక్షతోటలను చాలవరకు నాశనము చేసినది. కఠినమైన నిర్బంధముల వలన ఆ పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు చేరలేదు. అందుచేత 1840లలో నాటిన తీగలు కొన్ని ఇచ్చట ఈనాటికిని సొంతవేళ్ళపై నిలిచి కాపు కాయుచున్నవి.

ఎండను కొలుచు లెక్క

ఒక ప్రాంతము ద్రాక్షకు వేడిదా, చల్లనిదా అని చెప్పుటకు ఒక కొలత కావలెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బర్ట్ వింక్లర్, మేనార్డ్ అమెరీన్ అను శాస్త్రజ్ఞులు 1944లో ఇట్టి కొలతను ప్రచురించిరి. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లోబడియున్నప్పుడు ద్రాక్షతీగ పెరుగుదల దాదాపు నిలిచిపోవును. కాబట్టి ఒక దినపు సగటు ఉష్ణోగ్రతనుండి 10ని తీసివేయగా మిగిలినది ఆ దినము తీగకు అక్కరకు వచ్చిన వేడి అన్నమాట. సగటు 25 డిగ్రీలైనచో ఆనాటి లెక్క 15. అట్టి దినములు ముప్పది గడచినచో నెలకు 450. పెరుగుదల కాలమైన ఏడు నెలలకును ఇట్లు కూడగా వచ్చిన మొత్తమునుబట్టి వారు ద్రాక్షప్రాంతములను ఐదు మండలములుగా విభజించిరి. మొత్తము సుమారు 1390కి మించనిది మొదటిది. 2220ని దాటినది ఐదవది.

ఫ్రాన్సులోని బర్గండీ చిరకాలము మొదటి మండలమునకు చెందినది. బరోసా ఈ వరుసలో ఇంచుమించు నడుమ నిలుచును. ఈ లెక్క సులువైనదే కాని, దీనిలో ఒక లోపము కలదు. పగలు 32 డిగ్రీలు, రాత్రి 12 డిగ్రీలు ఉన్న దినమునకును, పగలు 25, రాత్రి 19 ఉన్న దినమునకును సగటు 22 డిగ్రీలే. లెక్క ఒకటియే యైనను పండుమీద ఈ రెండు దినముల ప్రభావము ఒకటి కాదు. సగటు అను తెర వెనుక నాలుగు దినముల వడగాలి కూడ దాగియుండవచ్చును.

హైదరాబాదుకు ఇదే లెక్కను వేసి చూచినచో విషయము మరింత స్పష్టమగును. అచ్చట సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత 26, 27 డిగ్రీల మధ్య ఉండును. 10 తీసివేసి 365 చేత హెచ్చించగా మొత్తము 6000 వరకు వచ్చును. డిసెంబరు నెలలో కూడ సగటు 10 డిగ్రీలకు చాల పైననే ఉండును గనుక అచ్చటి తీగకు శీతకాలపు నిద్ర అనునది లేదు. ఆ నిద్రకు బదులు రైతు కత్తెర పనిచేయును. దక్కనులో వేసవియందు ఒకసారి, అక్టోబరు ప్రాంతమున మరియొకసారి తీగలను కత్తిరింతురు. రెండవ కత్తిరింపు తరువాత వచ్చు పూత చలికాలమున కాయగా ఎదిగి, ఎండలు ముదురకముందే పండును. మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతమున వైనుకొరకు పండించు ద్రాక్షకును ఇదియే ఉపాయము. క్యాలెండరును మార్చుటద్వారా ఉష్ణప్రాంతములోనే చల్లని ఋతువును వెదకుకొనుట ఇందలి కీలకము.

పండులోపల జరుగు మార్పులు

పిందె దశలో ద్రాక్ష పచ్చగా, గట్టిగా ఉండును. అప్పుడు దానిలో టార్టారిక్ ఆమ్లము, మాలిక్ ఆమ్లము అను రెండు పులుపులు సమృద్ధిగా చేరును. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లమే. ఆపిలు పండులోని ముఖ్యమైన పులుపు మాలిక్ ఆమ్లము. కొంతకాలమునకు కాయ మెత్తబడి రంగు తిరుగుట మొదలిడును. ఈ ఘట్టమునుండి ఆకులలో కిరణజన్య సంయోగక్రియ వలన తయారైన చక్కెర పండులోనికి ప్రవహించి, గ్లూకోజు, ఫ్రక్టోజు రూపములలో నిలువయుండును.

అదే సమయమున పండు శ్వాసించుచుండును. ఆ శ్వాసక్రియకు ఇంధనముగా అది మాలిక్ ఆమ్లమును ఖర్చుచేయును. ఉష్ణోగ్రత హెచ్చినకొలది శ్వాస వేగము హెచ్చును గనుక వేడి ప్రాంతములో మాలిక్ ఆమ్లము త్వరగా హరించిపోవును. పులుపు ఎక్కడికి పోయినది అను ప్రశ్నకు ఇదియే సమాధానము. టార్టారిక్ ఆమ్లము ఇట్లు సులభముగా ఖర్చు కాదు. కాని మట్టినుండి పండులోనికి చేరిన పొటాషియము దానిలో కొంత భాగమును తటస్థపరచును. రాత్రులు చల్లగా ఉన్నచోట శ్వాస మందగించి కొంత పులుపు మిగులును. పగలు రాత్రుల ఉష్ణోగ్రతలమధ్య భేదమునకు సాగుదారులు ఇంత విలువనిచ్చుటకు కారణమిది.

ఎర్ర రంగు కథ వేరు. నల్లద్రాక్షలను చాలవాటిని పిండినచో వచ్చు రసమునకు రంగుండదు. రంగు తోలులోని ఆంథోసయనిన్లు అను పదార్థములది. పండు ఉష్ణోగ్రత 35 డిగ్రీల ప్రాంతమున ఎక్కువసేపు నిలిచినచో ఈ పదార్థముల తయారీ తగ్గును. తయారైనవి కూడ కొంత విరిగిపోవును. నేరుగా ఎండ తగిలిన గుత్తి చుట్టునున్న గాలికంటె చాల ఎక్కువగా వేడెక్కును. కాబట్టి పడమటి ఎండ తగులు వైపున ఆకులను ఒత్తుగా ఉంచి గుత్తులకు నీడ కల్పింతురు. చలిదేశములలో గుత్తులకు వెలుతురు సోకుటకై ఆకులు త్రుంచుదురు. ఒకచోట మంచి సాగు అనిపించుకొన్నది మరియొకచోట నష్టము కలిగించును.

ఇక తోలులోను, గింజలలోను ఉన్న వగరు పదార్థములు, పరిమళ పదార్థములు కూడ పక్వము కావలెను. వీనికి దినములు పట్టును. ఎండ హెచ్చినంత మాత్రమున ఇవి తొందరపడవు. తీవ్రమైన వేసవిలో చక్కెర కావలసినంత చేరినను గింజ ఇంకను పచ్చిగానే ఉండును. గింజ పండువరకు ఆగినచో చక్కెర మితిమీరును, పులుపు పడిపోవును, పండు తీగమీదనే వడలి ఎండుద్రాక్షవలె అగును. ఏ దినమున కోయవలెనో నిర్ణయించుటయే వేడి ప్రాంతపు రైతుకు సంవత్సరములో కెల్ల కష్టమైన పని.

చక్కెరనుండి ఆల్కహాలు

ద్రాక్షను చితుకగొట్టి తొట్టిలో పోసినచో ఈస్టు అను సూక్ష్మజీవులు అందలి చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. ఆయుర్వేద వైద్యులు ఎండుద్రాక్షకు ధాతకీ పుష్పములు చేర్చి ద్రాక్షాసవమును తయారుచేయునప్పుడు జరుగునదియు ఈ క్రియయే. రసాయన సమీకరణము ప్రకారము 180 గ్రాముల గ్లూకోజు 92 గ్రాముల ఆల్కహాలును, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. ఆచరణలో లీటరు రసమునకు సుమారు 17 గ్రాముల చక్కెర ఉన్నచో వైనులో ఘనపరిమాణము ప్రకారము 1 శాతము ఆల్కహాలు ఏర్పడును.

చల్లని ప్రాంతములో లీటరుకు 200 గ్రాముల చక్కెరతో కోసిన పండు సుమారు 12 శాతము ఆల్కహాలు ఇచ్చును. బరోసా షిరాజ్ 250 గ్రాములవద్ద కోతకు వచ్చినచో ఆల్కహాలు 14.5 శాతమును దాటును. చలిదేశమువాడు చాలని చక్కెరను బయటినుండి కలుపుకొనును. వేడిదేశమువాడు చాలని పులుపును కలుపుకొనును. రెండును ప్రకృతి ఇచ్చిన లెక్కను సరిచేయు ప్రయత్నములే.

తొట్టిలోని వేడి

వేసవిలో ఇడ్లీపిండి ఒక పూటలోనే పొంగి పులియును. చలికాలమున రాత్రి యంతయు పట్టును. ద్రాక్షరసము విషయమునను ఇంతే. అయితే ఇచ్చట మరియొక చిక్కు కలదు. పులియుట అనునది వేడిని పుట్టించు క్రియ. లీటరుకు 240 గ్రాముల చక్కెరయున్న రసము పులియునప్పుడు పుట్టిన వేడి ఏమాత్రము బయటికి పోనిచో ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగును. చిన్న కుండలో ఆ వేడి గాలిలో కలిసిపోవును. వేలకొలది లీటర్లు పట్టు తొట్టిలో అది లోపలనే చిక్కుకొనును. మధ్యాహ్నపు ఎండలో కోసిన పండు 35 డిగ్రీల వేడితో తొట్టిలోనికి దిగినచో ఇక చెప్పవలసినది లేదు. 40 డిగ్రీల ప్రాంతమున ఈస్టు నీరసించి చనిపోవును. చక్కెర సగము మిగిలిపోవును. ఆ మిగిలిన చక్కెరను బాక్టీరియా ఆక్రమించి, వైనును వెనిగరు వాసనతో పాడుచేయును.

ఈ బెడదకు తోడు పులుపు కూడ తక్కువయైనప్పుడు రక్షణ పూర్తిగా పోవును. ఇంటిలో నిమ్మకాయ ఊరగాయ నెలలతరబడి నిలువయుండుటకు ఉప్పుతోపాటు పులుపు కూడ కారణమని గృహిణులందరు ఎరుగుదురు. అధికమైన పులుపులో చాల సూక్ష్మజీవులు బ్రతుకజాలవు. బరోసాలోను, దాని చుట్టుప్రక్కలను ఇరువదవ శతాబ్ది మధ్యవరకు ఎక్కువగా తయారైనది మామూలు ఎర్ర వైను కాదు. అదనముగా ద్రాక్షసారాను చేర్చి ఘాటు పెంచిన తియ్యని వైను. ఆనాటి గిరాకీ అట్టిది. పైగా ఆ ఘాటు వైనును కొంతవరకు కాపాడును. అయినను ఆ ఘాటైన వైనులు కూడ పీపాలలో చెడిపోవుచుండెడివి. ఆ నష్టములకు కారణమైన బాక్టీరియాను గూర్చి జాన్ ఫోర్నషోన్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి 1943లో ఒక గ్రంథము ప్రచురించెను.

ఒక కొలత చేసిన మేలు

రే బెక్‌విత్ అను యువకుడు రోజ్‌వర్తి వ్యవసాయ కళాశాలలో చదివి, 1935లో బరోసాలోని నూరియూట్‌పా పట్టణమున పెన్‌ఫోల్డ్స్ అను సంస్థలో చేరెను. వైను చెడుటకును, దాని పి.హెచ్. విలువకును సంబంధముండవచ్చునని అతనికి తోచినది. పి.హెచ్. అనగా ద్రవములో ఉదజని అయానుల సాంద్రతను తెలుపు సంఖ్య. ఈ సంఖ్య తగ్గినకొలది ఆమ్లత్వము హెచ్చును; ఒక అంకె తగ్గినచో ఉదజని అయానులు పదిరెట్లగును. నాలుకకు తోచు పులుపును నమ్ముకొనక, ప్రతి తొట్టి రసమునకును పి.హెచ్. కొలిచి, అది హెచ్చుగా ఉన్నచో టార్టారిక్ ఆమ్లమును చేర్చి దించినచో బాక్టీరియా బెడద తొలగునని అతడు గ్రహించెను. పద్ధతి ఫలించినది. పీపాలకొలది వైను పారబోయవలసిన దుస్థితి తప్పినది.

దీని వెనుకనున్న రసాయన రహస్యమొకటి గమనింపదగినది. వైను చెడకుండుటకై స్వల్పముగా గంధకధూమమును, అనగా సల్ఫర్ డయాక్సైడును కలుపుదురు. కలిపినదంతయు సూక్ష్మజీవులను అణచజాలదు. దానిలో విడివిడి అణువులుగా మిగిలిన భాగమే ఆ పని చేయును. పి.హెచ్. 3 వద్ద ఆ భాగము సుమారు 6 శాతము; 3.5 వద్ద 2 శాతము. 4 వద్ద 0.6 శాతము మాత్రమే. అనగా ఎండకు పులుపు పోయి పి.హెచ్. 4కు చేరిన వైనుకు, 3 వద్దనున్న వైనుతో సమానమైన రక్షణ కావలెనన్నచో పదిరెట్లు గంధకధూమము కలుపవలసివచ్చును. ముందుగా పులుపును సరిచేసినచో కొద్దిపాటి మందుతో పని జరుగును. బెక్‌విత్ నూరేండ్ల వయస్సున 2012లో మరణించెను. అతడు చూపిన మార్గము వేడి ప్రాంతముల వైను తయారీలో నిత్యకృత్యమైనది.

గ్రేంజ్ కథ

అదే సంస్థలో వైను తయారీ నిపుణుడైన మాక్స్ షూబర్ట్ 1950లో ఐరోపాకు వెళ్ళి, ఫ్రాన్సులోని బోర్డో నగరమున నలుబది, ఏబది సంవత్సరములు నిలువచేసిన ఎర్ర వైనులను చూచెను. వేడి ఆస్ట్రేలియా పండుతో అట్లు నిలిచెడి వైనును చేయుట సాధ్యమా అని అతడు ఆలోచించెను. బోర్డోలో వాడు కాబెర్నే రకము ఆనాడు ఆస్ట్రేలియాలో అరుదు. కనుక సమృద్ధిగా దొరకు షిరాజ్‌ను ఎన్నుకొనెను. 1951లో ప్రయోగము ప్రారంభమైనది.

పులియు రసమును చల్లార్చుచు, ఆ క్రియ తొందరగా ముగియనీయక సుమారు పండ్రెండు దినములవరకు సాగదీసెను. బొగ్గుపులుసు వాయువు తోలును పైకి తేల్చును. పైన తేలిన తోలునుండి రంగు దిగదు, అది గాలికి చెడును కూడ. అందుచేత తొట్టిలో బల్లలు అడ్డముగా బిగించి తోలు రసములోనే మునిగియుండునట్లు చేసెను. తరువాత వైనును అమెరికా ఓక్ కర్రతో చేసిన క్రొత్త పీపాలలో నిలువచేసెను. దీనికి గ్రేంజ్ అను పేరు పెట్టిరి.

మొదట రుచిచూచినవారు దీనిని మెచ్చలేదు. 1957లో తయారీ ఆపివేయుమని సంస్థ ఆజ్ఞాపించెను. షూబర్ట్ కొద్దికొద్దిగా రహస్యముగా తయారుచేయుచునే యుండెను. సంవత్సరములు గడచి, మొదటి సీసాలలోని వగరు మెత్తబడి రుచి కుదిరిన తరువాత అభిప్రాయములు మారినవి. 1960లో ఆజ్ఞ రద్దయినది. 1955నాటి గ్రేంజ్ 1962లో సిడ్నీ ప్రదర్శనమున బంగారు పతకము నందుకొనెను. ఎండ ఎక్కువైన చోట పండిన ద్రాక్షతో నిలువయుండెడి వైను చేయరాదన్న నమ్మకము దీనితో సడలిపోయినది. వేడిని అదుపులో ఉంచుట, తోలును తడిగా ఉంచుట, పులుపును కొలుచుట అను మూడు సాధారణ జాగ్రత్తలే ఈ మార్పునకు మూలము. నేడు చల్లార్చు ఏర్పాటుగల ఉక్కు తొట్లు వచ్చినవి. పండును యంత్రములతో రాత్రివేళ కోసి చల్లగా తెచ్చుచున్నారు.

రుచిలో కనిపించు ఎండ

వైనును పరీక్షించువారు మొదట రంగు, తరువాత వాసన, ఆపైన రుచి చూతురు. ఈ మూడింటిలోను ఎండ తన గుర్తులను వదలును. చల్లని ప్రాంతపు ఎర్ర వైను పలుచగా, చురుకైన పులుపుతో ఉండును. కొన్ని రకములలో పచ్చి మిరపకాయ వాసనవంటిది తోచును. ఈ వాసననిచ్చు పదార్థములు పండు పక్వమగుకొలది తగ్గును గనుక వేడి ప్రాంతపు వైనులో అది కానరాదు. దాని బదులు బాగుగా పండిన నేరేడు, ఖర్జూరము, పండ్లపాకము వంటి వాసనలు వచ్చును. ఆల్కహాలు హెచ్చుగా ఉండుటచే ద్రవము నోటిలో చిక్కగా తోచును. గొంతులో వెచ్చదనము కలిగించును.

షిరాజ్‌లో మరియొక వింత కలదు. కొన్ని వైనులలో మిరియాల వాసన స్పష్టముగా వచ్చును. దీనికి కారణమైన రొటండోన్ అను పదార్థమును ఆస్ట్రేలియా వైను పరిశోధన సంస్థవారు 2008లో గుర్తించిరి. మిరియములలోని వాసనయు చాలవరకు దీనిదే. చల్లని చోట, చల్లని సంవత్సరమున పండిన ద్రాక్షలో ఇది ఎక్కువ, వేడిచోట తక్కువ. మరియు పరీక్షలో పాల్గొన్నవారిలో ఐదింట ఒక వంతుమంది దీనిని పసికట్టలేకపోయిరి. ఒకే గ్లాసులోని రుచిని గూర్చి ఇద్దరు నిపుణులు వాదులాడుకొన్నచో ఇద్దరిదియు నిజమే కావచ్చును.

ఎర్ర వైనులోని వగరు టానిన్ల వలన కలుగును. పచ్చి వక్క నమిలినప్పుడు నోరు పీక్కుపోవుటకును ఇవియే కారణము. ఇవి లాలాజలములోని మాంసకృత్తులతో కూడి నోటి జారుడుతనమును పోగొట్టును. పూర్తిగా పండిన తోలులోని వగరు మెత్తగా ఉండును. పచ్చిగింజలది గరుకుగా ఉండును.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఎర్ర వైను రంగునకును పులుపునకును గల సంబంధమును వైను లేకుండగనే విద్యార్థులకు చూపవచ్చును. ఎర్ర మందారపు రేకులను వేడినీటిలో నానవేసి, ఆ నీటిని మూడు గాజుగ్లాసులలో పోయవలెను. మొదటి దానిలో నిమ్మరసము కలిపినచో రంగు ఎర్రగా మెరయును. రెండవ దానిని అట్లే ఉంచవలెను. మూడవ దానిలో సబ్బునీరు గాని, వంటసోడా నీరు గాని కలిపినచో అది నీలమునకో, పచ్చదనమునకో తిరుగును. మందారములో ఉన్నదియు ఆంథోసయనిన్లే. వేడి ప్రాంతపు వైనులో పులుపు తగ్గినచో ఎరుపు మందగించి ఊదా ఛాయ వచ్చుట ఈ కారణము చేతనే. లిట్మసు కాగితము లేని పాఠశాలకు కూడ ఈ ప్రయోగము అందుబాటులో ఉండును.

చల్లని ప్రాంతములును వేడెక్కుచున్నవి

ఇంతవరకు చెప్పినది వేడి ప్రాంతముల కథ. ఇప్పుడు చల్లని ప్రాంతములకు కూడ ఈ పాఠములు అవసరమగుచున్నవి. బర్గండీలోని బోన్ పట్టణమున ద్రాక్షకోత ప్రారంభించిన తేదీలు 1354నుండి లభించుచున్నవి. ఆ తేదీలను 2018వరకు వరుసగా కూర్చి 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, 1988 తరువాత కోత అంతకుముందటి ఆరు శతాబ్దముల సగటుకంటె సుమారు 13 దినములు ముందుకు జరిగినది. ఉష్ణమాపకము పుట్టకపూర్వమునుండి వ్రాసియుంచిన తేదీలే నేడు శీతోష్ణస్థితి శాస్త్రమునకు సాక్ష్యములైనవి.

సంప్రదాయమును గట్టిగా పట్టుకొను బోర్డో ప్రాంతమున కూడ 2021లో ఆరు క్రొత్త రకములకు అనుమతి లభించినది. వానిలో ఎర్ర వైనుకు పనికివచ్చునవి నాలుగు. అందు తూరీగా నాసియోనాల్ అనునది వేడికి అలవాటుపడిన పోర్చుగలు రకము. బరోసావారు ప్రక్కనున్న ఈడెన్ లోయవైపు చూచుచున్నారు. అది బరోసా లోయకంటె సుమారు 200 మీటర్లు ఎత్తున ఉన్నది. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గును గనుక ఈ ఎత్తునకు 1.3 డిగ్రీల చల్లదనము లభించును. అంకె చిన్నదే, కాని ఏడు నెలల లెక్కలో అది 270 దాటును. వింక్లర్ మండలములలో ఒక మెట్టు దిగుటకు ఇంచుమించు అది చాలును.

వేడితోపాటు కార్చిచ్చు భయమును హెచ్చుచున్నది. 2019 డిసెంబరులో అడిలైడు కొండలలో చెలరేగిన మంటలు ద్రాక్షతోటలను దహించినవి. మంటకు చిక్కని తోటలకు కూడ పొగవలన నష్టము కలుగును. పొగలోని గ్వయకోల్ మొదలగు పదార్థములు పండులో ప్రవేశించి చక్కెరతో కూడి దాగియుండును. పండును తిన్నప్పుడు దోషము తెలియకపోవచ్చును. పులియునప్పుడును, త్రాగువాని నోటిలోను ఆ బంధము విడిపోయి బూడిద రుచి బయటపడును. అందుచేత పొగసోకిన పండును ముందుగా ప్రయోగశాలలో పరీక్షించి, కొద్దిపాటి రసమును పులియబెట్టి చూచిన తరువాతనే కోతకు పూనుకొందురు.

వైను ఆల్కహాలుతో కూడిన పానీయము. ఆరోగ్యమునకు హాని కలిగింపని మోతాదు అనునది ఆల్కహాలు విషయమున లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. కనుక దీనిని త్రాగదగినదిగా గాక, తెలిసికొనదగినదిగా విద్యార్థులు గ్రహింపవలెను. ఒక పండులో తీపి, పులుపు, రంగు, వగరు అను నాలుగు మార్పులు నాలుగు వేగములతో నడచుచుండును. ఎండ వానిలో కొన్నింటిని తరుమును, కొన్నింటిని ఆపును. మామిడికిని, నిమ్మకును, టమాటాకును ఇట్టి లెక్కలే కలవు. ఎండలు ముదురుచున్న ఈ రోజులలో తెలుగునాట తోటలు వేయువారు కూడ కోత తేదీలను, ఉష్ణోగ్రతలను ఏటేట వ్రాసియుంచుట మంచిది. బోన్ పట్టణమువారు చేసిన పని అంతమాత్రమే. ఆరున్నర శతాబ్దముల తరువాత అది ప్రపంచమునకు ఉపకరించినది.